ఎవరి కథ వాళ్ళు ఆడకూడదు: నెల్లూరు మెట్టలో అవ్వల నాటకం

ముసలివాళ్ళతో నాటకం ఎలా వేయించారని మా రంగంలో ఉన్నవాళ్ళే నన్ను అడుగుతుంటారు. వేయించడం పెద్ద కష్టం కాలేదు. నెల్లూరు మెట్టలో అరవై దాటిన ఆడమనిషికి మాట కరువు కావడం నేనెప్పుడూ చూడలేదు. కష్టమంతా నాటకం అయిపోయాకే ఉంది. లైట్లు ఆర్పేశాక నేను బస్సెక్కి ఆత్మకూరు వచ్చేసేదాన్ని. వాళ్ళు మాత్రం అదే ఇంటికి, అదే కొడుకు దగ్గరికి వెళ్ళాలి. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో కూడా మా పని కిందికే వస్తుందని నాకు రెండు తప్పులు చేశాక గానీ తెలియలేదు. ఈ అనుభవం రాయడానికి ముఖ్య కారణం ఆ రెండు తప్పులే.

ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. వాళ్ళే వద్దన్నారు. "మా మొహాలు ఊరంతా చూసినా ఏం కాదు. పేపర్లో పేరు మాత్రం వద్దు పాపా" అని పెద్దవ్వ ముందే మాట తీసుకుంది. అందుకని నేను వాళ్ళని ఎలా పిలుస్తానో ఇక్కడా అలాగే పిలుస్తాను: పెద్దవ్వ, నిమ్మతోట పెద్దమ్మ, పాలకేంద్రం అత్త. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని ఇంటి వివరాలు మార్చాను.

ఊరు, మనుషులు

ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట ప్రాంతం అది. వాన పడితే పంట, లేకపోతే వలస. నిమ్మ, బత్తాయి తోటలు, కొంత పొగాకు, ఇంటింటికీ బర్రెలు. పిల్లలు నెల్లూరులోనో చెన్నైలోనో బెంగళూరులోనో ఉంటారు, కొందరు కువైట్లో. ఊళ్ళో మిగిలింది ఎక్కువగా పెద్దవాళ్ళే. ఇంటికి ఒక కొడుకూ కోడలూ ఉంటే ఉన్నట్టు.

మా బృందంలో పదకొండు మంది. చిన్నామెకు 58 ఏళ్ళు, పెద్దవ్వకు 76. వీళ్ళలో ఆరుగురు 1992 సారా వ్యతిరేక ఉద్యమంలో ఉన్నవాళ్ళు. ఈ మాట విన్నాకే ఆ ఊరు నాకు వేరేగా కనిపించింది. 1991 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత కార్యక్రమం ఉధృతంగా నడిచింది. కళాజాతా బృందాలు ఊరూరా తిరిగి వీధి నాటకాలు వేశాయి. పగలంతా కూలి చేసి రాత్రి లాంతరు ముందు పలకలు పట్టుకున్న ఆడవాళ్ళు సారా గురించి చదివారు, సారా గురించే మాట్లాడుకున్నారు, చివరికి సారా కొట్లే మూయించారు. దూబగుంట ఊళ్ళో మొదలై, అక్కడ ముందు నిలబడ్డ రోశమ్మ పేరుతో పాటే ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది, 1997లో ఎత్తేశారు. "వచ్చింది మేము తెస్తే వచ్చింది. పోయింది వాళ్ళు తీస్తే పోయింది" అంటుంది పెద్దవ్వ.

అప్పుడు చీపురు కట్టలు, కారం పొట్లాలు పట్టుకుని సారా కొట్టు ముందు రాత్రంతా కూర్చున్న మనిషి, ఇప్పుడు సొంత ఇంట్లో టీవీ రిమోట్ అడగడానికి మొహమాటపడుతోంది. నన్ను ఆ ఊళ్ళో ఆపేసింది ఇదే. వీళ్ళకి చైతన్యం తెస్తానని నేను వెళ్ళడం ఏమిటి? వీళ్ళ గొంతు ఎక్కడ, ఎప్పుడు తగ్గిపోయిందో తెలుసుకోవాలి, అంతే.

నేను తీసుకెళ్ళిన స్క్రిప్టు

2023 చివర్లో నేను ఒక స్క్రిప్టు పట్టుకుని వెళ్ళాను. వృద్ధుల హక్కుల మీద నలభై నిమిషాల నాటకం. రాసి, సరిదిద్ది, టైపు చేయించుకుని మరీ వెళ్ళాను. చదివి వినిపిస్తే అందరూ ఓపిగ్గా విన్నారు. అయ్యాక పాలకేంద్రం అత్త అంది, "ఇదంతా మాకు తెలిసిందే గదా పాపా. మాకు తెలిసింది మా చేతే మాకు చెప్పిస్తే ఏమొస్తాది?"

స్క్రిప్టు ఆ రోజే పక్కన పెట్టేశాను. తర్వాత ఆరు వారాలు నాటకం అన్న మాటే ఎత్తలేదు. మధ్యాహ్నం రెండున్నరకి కలిసేవాళ్ళం, నాలుగింటికల్లా వదిలేసేదాన్ని, ఎందుకంటే ఆ తర్వాత బర్రెలకి పాలు పిండాలి. ఆ గంటన్నరలో పాటలు, పొడుపు కథలు, పెళ్ళినాటి సంగతులు. కూర్చుని మాట్లాడుకోవడమే పని. పెద్దవాళ్ళతో పనిచేయాలనుకునే కొత్తవాళ్ళకి నేను మొదట చెప్పేది ఈ ఆరు వారాల గురించే. ప్రాజెక్టు కాయితాల్లో దీనికి గడి ఉండదు. ఇది లేకుండా నేనైతే అడుగు ముందుకు వేయలేకపోయేదాన్ని.

మోకాళ్ళు నేర్పిన నాటకం

పదకొండు మందిలో తొమ్మిది మందికి మోకాళ్ళ నొప్పులు. కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు పట్టాలి. వీధి నాటకం అంటే చుట్టూ తిరగడం, గెంతడం, కింద కూలబడటం అని నేర్చుకుని వచ్చిన నాకు ఇది మొదట్లో పెద్ద టెన్షన్ అయింది. సరే, కుర్చీలు వేద్దాం అనుకున్నాం. ఊళ్ళో పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే నీలం ప్లాస్టిక్ కుర్చీలు. నాలుగు రోజులకి ఆ కుర్చీయే మా నాటకానికి ఆయువుపట్టు అయింది.

అది ఇలా జరిగింది. తల్లి పాత్ర వేసే మనిషి కుర్చీలో కూర్చుంటుంది. ఒక సీను అయ్యాక ఇంకో సీనుకి చోటు కావాలని ఎవరో ఆ కుర్చీని కొంచెం వెనక్కి జరిపారు. ఆమె కూర్చునే ఉంది, కుర్చీతో పాటే జరిగింది. చూస్తున్న వాళ్ళు ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయారు. పెద్దవ్వ నెమ్మదిగా "అట్టనే జరుపుతారు మనల్ని" అంది. అప్పటి నుంచి నాటకమంతా ఆ కుర్చీ ప్రయాణమే. మొదటి సీన్లో నట్టింట్లో ఉంటుంది. మనవడి చదువుకి గది కావాలంటే వరండాలోకి వస్తుంది. చుట్టాలు వస్తే వంటింటి గోడ పక్కకి. చివరికి పశువుల కొట్టం దగ్గరికి. ఎవరూ ఆమెని తిట్టరు, కొట్టరు. "అమ్మా, కాస్త జరుగు" అంటారు, అంతే.

మాటలు కంఠస్థం చేయించలేదు. ఏ మలుపు ఎక్కడో గుర్తుంటే చాలు, మాట వాళ్ళే పుట్టిస్తారు. మలుపు గుర్తుకి కుర్చీ ఉండనే ఉంది. సీను మారేటప్పుడు అందరూ చప్పట్లు కొడుతూ గొబ్బి పాట అందుకుంటారు. సంక్రాంతి నెల పాట వాళ్ళకి ఒంట్లోనే ఉంది, నేర్పాల్సిన పని లేదు. మైకు ఒకసారి పెట్టి తీసేశాం. మైకు ముందు మీటింగుల్లో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు, అది లేకపోతే పక్కింటావిడతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. మాకు కావలసింది ఆ రెండోదే. కాబట్టి జనం పదిహేను అడుగుల లోపలే చుట్టూ కూర్చోవాలి. మొత్తం ఆట ఇరవై అయిదు నిమిషాలు దాటదు.

కొడుకు పాత్రకి కాటుకతో మీసం. తెలుగు నాటకంలో ఆడవేషాలు మగవాళ్ళు కట్టిన చరిత్ర చాలా పెద్దది. స్థానం నరసింహారావు గారు ఆడవేషాలతోనే పద్మశ్రీ దాకా వెళ్ళారు. ఆడవాళ్ళు ప్రజల సమస్యల కోసం ఆట కట్టడం కూడా మనకి కొత్త కాదు. 1940లలోనే మోటూరు ఉదయం మహిళల బుర్రకథ దళంతో ఊళ్ళు తిరిగారు. వీళ్ళకి ఈ సంగతులు చెప్పినప్పుడు పెద్దవ్వ అద్దంలో మీసం చూసుకుంటూ, "మా ఆయన పోయి పద్దెనిమిదేళ్ళయింది. ఇన్నాళ్ళకి ఇంట్లో మీసం కనపడింది" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది.

రొట్టెలు, స్టాంపు ప్యాడ్

నాటకానికి విషయం రొట్టెల పండుగ దగ్గర దొరికింది. నెల్లూరు వాళ్ళకి దీని గురించి చెప్పక్కర్లేదు. మొహర్రం రోజుల్లో బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి కోరిక ఉన్నవాళ్ళు రొట్టె తీసుకుంటారు, కోరిక తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి రొట్టె ఇస్తారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె, సొంతింటి రొట్టె. ఏ మతమని ఎవరూ అడగరు. మా వాళ్ళలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆ నీళ్ళలో నిలబడినవాళ్ళే.

ఒక మధ్యాహ్నం దాన్నే ఆటగా పెట్టాను. పాలకేంద్రం అత్త చపాతీలు చేసి తెచ్చింది. ఎవరికి ఏ రొట్టె కావాలో అడిగి తీసుకోవాలి. మొదటి విడతలో అందరూ పిల్లల కోసమే అడిగారు: మనవడికి ఉద్యోగం, మనవరాలికి సంబంధం. "ఇప్పుడు మీ కోసం అడగండి" అన్నాను. చాలాసేపు ఎవరూ కదల్లేదు. చివరికి పెద్దవ్వ లేచి చెయ్యి చాపింది. "నా బీరువా తాళంచెవి రొట్టె." ఇంక వరసగా వచ్చాయి. "అడక్కుండా కాఫీ ఇచ్చే రొట్టె." "ఒకటో తేదీ పింఛను సాయంత్రం దాకా నా కొంగున ఉండే రొట్టె." అందరికంటే చివర నిమ్మతోట పెద్దమ్మ చాలా చిన్న గొంతుతో, "చదివి సంతకం పెట్టే రొట్టె" అంది.

ఆ చివరి రొట్టె దగ్గర నాకు నాటకం కనిపించింది. అది ఆమె సొంత కథ అని కనిపించలేదు. ఇది నా మొదటి తప్పు.

కొడుకు తల్లిని రిజిస్టర్ ఆఫీసుకి తీసుకెళ్ళి ఇల్లూ పొలం తన పేర రాయించుకునే సీను కట్టాం. తల్లి వేషం నిమ్మతోట పెద్దమ్మకే ఇచ్చాను, మాట అనింది ఆమే కదా అని. బజారులో నీలం స్టాంపు ప్యాడ్ కొనుక్కొచ్చాను. రిహార్సల్లో పాలకేంద్రం అత్త కొడుకు వేషంలో ఆమె చెయ్యి పట్టుకుని బొటనవేలు ప్యాడ్ మీద నొక్కింది. వేలికి ఇంకు అంటింది. కాయితం మీద పెట్టాల్సిన చోట ఆ చెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. అత్త లాగినా రాలేదు. పెద్దమ్మ ఏడవలేదు, ఏమీ అనలేదు. చెయ్యి విడిపించుకుని చీర కొంగుతో వేలు తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఇంకు పోయింది. చర్మం ఎర్రబడింది. ఇంకా తుడుస్తూనే ఉంది. పెద్దవ్వ వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి, ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లకి కడిగినట్టు కడిగింది. ఆ రోజుకి రిహార్సల్ అంతటితో ఆగిపోయింది.

రెండు రోజుల తర్వాత ఆమే నన్ను కూర్చోబెట్టి చెప్పింది. మూడేళ్ళ క్రితం పాసుపుస్తకంలో పేరు సరిచేయించాలని కొడుకు తీసుకెళ్ళాడు. ఆమెకి సంతకం వచ్చు, రాత్రి బడిలో నేర్చుకుంది. "సంతకం పెడతా అన్నా. అక్కర్లేదులే అమ్మా, వేలు చాలు, టైమైపోతాంది అన్నాడు. సంతకం పెట్టాలంటే మనిషి కాయితం చూస్తాది గదా పాపా. వేలికి చదువు రాదు."

ఆ గాయం మీదే నేను ఇంకు పూయించాను. తెలియక చేశానని సర్దిచెప్పుకోవడానికి వీల్లేదు. రొట్టె అడిగిన రోజే ఆమె చెప్పింది, నేను వినలేదు.

నియమం పెట్టింది నేను కాదు, పాలకేంద్రం అత్త. "ఇంక నించి ఎవురి కత వాళ్ళు ఆడబాకండి. నా కత నువ్వాడు, నీ కత నేనాడతా." ఆ మాట చుట్టూ మేము ఒక పద్ధతి కట్టుకున్నాం. ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరి కథ ఒకరు వింటారు. బృందానికి ఆ కథ చెప్పేది విన్నావిడే. రెండు మూడు కథలు కలుపుతాం, కొడుకుని కూతురు చేస్తాం, పొలాన్ని ఇంటి స్థలం చేస్తాం. ఆఖరున అసలు కథ ఎవరిదో ఆమె చూసి "ఇంక ఇది నాది కాదు" అంటేనే సీను ఉంటుంది. నిమ్మతోట పెద్దమ్మకి ఏ పాత్ర కావాలని అడిగితే, ఏమీ ఆలోచించకుండా, దస్తావేజులు రాసే మనిషి పాత్ర అడిగింది. ఆ పాత్ర స్టేజీ మీద కాయితం పైకి చదువుతుంది.

ఆట

మొదటి ప్రదర్శన రామాలయం ముందు ఖాళీ స్థలంలో, పాలు పోసి జనం ఇళ్ళకి వచ్చే వేళకి. కుర్చీ నట్టింటి నుంచి కొట్టం దాకా జరిగాక రిజిస్టర్ ఆఫీసు సీను వస్తుంది. నిమ్మతోట పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని, వేలు వరస వెంట నడిపిస్తూ దస్తావేజు చదువుతుంది. వేగం ఉండదు. జనం ఆగుతారు, ఎందుకంటే ఆ నిదానం నటన కాదు. చదవడం అయ్యాక తల్లి పాత్ర అడుగుతుంది: "నన్ను చూసుకోకపోతే ఏమని రాశావు?"

"అది రాయలేదమ్మా."

అక్కడ ఆట ఆపేస్తాం. సూత్రధారిగా నేను లోపలికి వచ్చి చుట్టూ ఉన్నవాళ్ళని అడుగుతాను, ఇప్పుడీమె వేలిముద్ర వెయ్యాలా వద్దా అని. బ్రెజిల్ నాటకకారుడు అగస్తో బోల్ కట్టిన ఫోరం థియేటర్ పద్ధతి ఇది. చూసేవాడు లేచి వచ్చి పాత్రలో నిలబడి కథ మార్చవచ్చు. పశ్చిమ బెంగాల్‌లో జన సంస్కృతి బృందం 1985 నుంచి పల్లెల్లో పనిచేస్తోంది, ఈ పద్ధతిని మన దేశపు పల్లెకి తెచ్చింది వాళ్ళే. నేను నేర్చుకున్నది కూడా వాళ్ళ పని చూసే.

మొదటి రోజు ఒక పెద్దమనిషి లేచి, "కొడుక్కి కాకపోతే ఇంకెవరికి రాస్తాది?" అన్నాడు. చాలామంది చప్పట్లు కొట్టారు. తల్లి పాత్రలో ఉన్న పెద్దవ్వ కుర్చీలోంచే జవాబు చెప్పింది. "రాయనన్నానా నాయనా? చదివి రాస్తా అంటుండా." చప్పట్లు ఆగిపోయాయి, తర్వాత ఆడవాళ్ళ వైపు నుంచి మళ్ళీ మొదలయ్యాయి.

అయితే ఆ రోజు అసలు మాట అన్నది వెనక చంటిబిడ్డని ఎత్తుకుని నిలబడ్డ ఒక కోడలు. "ఆ కోడలు పొద్దున్నించి ఎంత చాకిరీ చేసిందో మీరు చూపించలా. కుర్చీ జరిపేది ఎప్పుడు చూసినా కోడలేనా? కొడుకు యాడికి పోయాడు? అమ్మకి కూడు పెట్టాల్సింది కోడలొకతేనా?"

ఆమె అన్నది నిజం. మేము టీవీ సీరియల్లో లాగా కోడల్ని దుర్మార్గురాలిని చేసి, కొడుకుని సంతకం సీనులో మాత్రమే తెచ్చాం. తర్వాత మూడు వారాలు రిహార్సల్స్ అన్నీ వాదనలే. కొందరు ససేమిరా ఒప్పుకోలేదు, "మాకు జరిగింది మాకు తెలియదా" అన్నారు. పెద్దవ్వే తేల్చింది: "మనం కోడళ్ళుగా ఉన్నప్పుడు మన అత్తకి మనం ఎట్టా పెట్టామో అది కూడా ఆడదాం. అప్పుడు చూస్తా ఎవురు మాట్లాడతారో." ఆ సీను ఒకటి పెరిగింది. అందులో కోడలు అందరికీ వడ్డించి చివర్లో గిన్నె గీక్కుని తింటుంది, పక్కన అత్త తినకుండా ఎదురుచూస్తుంటుంది, కొడుకు ఫోను చూస్తూ "ఇంకా కాలేదా" అంటాడు. కుర్చీ జరిపేది ఇప్పుడు కొడుకే. నాటకం దీని తర్వాతే మంచి నాటకం అయింది. ఆ కోడలు ఇప్పుడు మాకు పాట అందిస్తుంది.

దస్తావేజులో తల్లిని చూసుకోవాలన్న ఆ ఒక్క వాక్యం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా ఆట అంతా దాని మీదే నిలబడింది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూసుకోకపోతే ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకోవచ్చు, నెలకి 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. ఇదే చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, ఆ షరతు తప్పితే, ఆ బదిలీ చెల్లదని ప్రకటించమని అడగవచ్చు. చిక్కంతా ఆ షరతు దగ్గరే. ప్రేమతో ఇస్తున్నానని మాత్రమే రాసి, చూసుకోవాలన్న మాట రాయకపోతే? 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ షరతు ఉంటేనే 23వ సెక్షన్ వర్తిస్తుందని చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కి చెందిన ఒక తల్లి కేసులో, ఈ చట్టం పెద్దవాళ్ళ మేలు కోసం వచ్చింది కాబట్టి ఉదారంగా చదవాలని, ఆస్తి తిరిగి స్వాధీనం చేయించే అధికారం ట్రిబ్యునల్‌కి ఉందని కూడా చెప్పింది. ఆ రెండో తీర్పు వచ్చాక మా వాక్యం తీసేద్దామా అని చర్చించాం. లాయరుగా ఉన్న ఒక స్నేహితురాలు అంది, "కోర్టు ఉదారంగా చదువుతుందిలే అని ఖాళీ వదిలేయకండి. రాయించడమే మేలు." కాబట్టి ఆటలో తల్లి ఇలా రాయిస్తుంది: "నన్ను బతికినంత కాలం ఈ ఇంట్లోనే ఉంచి, కూడు గుడ్డ చూసి, వైద్యం చేయిస్తావన్న షరతు మీద ఇస్తున్నా. తప్పితే ఈ దానం రద్దు." ఈ వాక్యాన్ని జనం చేత మూడుసార్లు చెప్పిస్తాం. నాటకంలో నేను పట్టుబట్టి ఉంచింది ఇదొక్కటే.

రెండో తప్పు

రెండో ప్రదర్శనలో పాలకేంద్రం అత్త కొడుకు వేషంలో అదరగొట్టింది. మాట్లాడే ముందు భుజం మీద టవల్ తీసి, విదిలించి, మళ్ళీ వేసుకోవడం ఒక అలవాటుగా పెట్టింది. విదిలించిన ప్రతిసారీ జనం విరగబడి నవ్వారు. నేను కూడా నవ్వాను. ఎందుకంత నవ్వుతున్నారో నాకు మర్నాడు తెలిసింది. ఆ టవల్ విదిలింపు ఆమె సొంత కొడుకుది. ఊరంతా పోల్చుకుంది.

కథ అతనిది కాదు. తల్లిని బాగానే చూసుకునే మనిషి. పద్ధతి ప్రకారం కథ మార్చాం గానీ, ఒంటి కదలిక కూడా కథేనని నాకు తట్టలేదు. అతను తల్లితో నెల రోజులు మాట్లాడలేదు. పాల డబ్బుల పుస్తకం తన దగ్గర పెట్టుకున్నాడు. అత్త నాలుగు నెలలు రిహార్సల్‌కి రాలేదు. పెద్దవ్వా నేనూ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అతను తల ఎత్తకుండా, "నేను మా అమ్మకి కూడు పెట్టనని ఊరు అనుకుంటాంది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. క్షమించమని అడిగాను. పెద్దవ్వ చేత అడిగించేది కాదు, నేనే అడగాలి, అడిగాను.

కెనడాలో విక్టోరియా నగరంలో 1987లో కొందరు పెద్దవయసు ఆడవాళ్ళు పూల టోపీలు, శాలువాలు వేసుకుని, అణ్వాయుధాల నౌకలు తమ రేవుకి రావద్దని పాటలు పాడటం మొదలుపెట్టారు. రేజింగ్ గ్రానీస్ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళ ఫోటోలు ఒకసారి మా వాళ్ళకి ఫోన్లో చూపించాను. ఉత్సాహం వస్తుందని చూపిస్తే, పెద్దవ్వ చాలాసేపు చూసి అడిగింది, "వాళ్ళకి కొడుకులు లేరా?" అప్పుడు నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. టవల్ సంగతి జరిగాక అర్థమైంది. వాళ్ళు ఎదిరించింది నౌకల్ని. మా వాళ్ళు మాట్లాడేది రాత్రి అన్నం పెట్టే మనిషితో. ఆ మనిషి మొదటి వరసలో కూర్చుని ఉంటాడు.

అప్పటి నుంచి మూడు పనులు తప్పకుండా చేస్తున్నాం. ఏ ఊళ్ళో ఆడే ముందైనా నటించేవాళ్ళ ఇంటివాళ్ళని పిలిచి, తలుపులు వేసుకుని ఒకసారి ఆడి చూపిస్తాం. మాట, నడక, టవల్, ఏది తమదనిపించినా అక్కడే మార్చేస్తాం. ఆట మొదట్లో సూత్రధారి ఇవి ఈ ఊరి కథలు కావని చెప్పి, కలిపిన పద్ధతి కూడా చెబుతుంది. ఇక మూడోది, నేను రాత్రి బస్సు ఎక్కడం మానేశాను. ఊళ్ళోనే పడుకుని మర్నాడు పొద్దున్నే పదకొండు ఇళ్ళకీ వెళ్తాను. ఏమీ అడగను. కాఫీ ఇస్తే తాగుతాను, కోడలితో రెండు మాటలు, కొడుకు ఉంటే అతనితో రెండు మాటలు. కాఫీ ఎవరు ఇచ్చారు, ఎలా ఇచ్చారు అన్నది చూస్తే రాత్రి ఎలా గడిచిందో తెలిసిపోతుంది.

ఇప్పటి దాకా

అయిదు ఊళ్ళలో తొమ్మిది ప్రదర్శనలు అయ్యాయి. ఎంతమంది మారారని డబ్బు సాయం చేసేవాళ్ళు అడుగుతారు. నేను చూసినవే చెబుతాను. మండల కేంద్రంలో దస్తావేజులు రాసే ఒకాయన, "ఆ నాటకంలో లైను కూడా వెయ్యి" అని అడుగుతున్నారని చెప్పాడు. రెండో ఊళ్ళో ఒకామె ట్రిబ్యునల్‌కి వెళ్దామనుకుంది. మొదట రెండుసార్లు ఒక ఆఫీసులో ఇంటి గొడవ ఇంట్లోనే తేల్చుకోమని పంపేశారు. మూడోసారి మా వాళ్ళు ముగ్గురు తోడు వెళ్ళి, అర్జీ తీసుకున్నట్టు రసీదు ఇచ్చేదాకా బెంచీ మీద నుంచి లేవలేదు. 1992లో కూర్చున్న మనుషులు కదా, కూర్చోవడం వాళ్ళకి తెలుసు. ఆ కేసు ఇంకా నడుస్తోంది. 2024 జూలై నుంచి పింఛను 4,000 అయ్యాక, ఒకటో తేదీ ఇంటికొచ్చి ఇచ్చే డబ్బు ఎవరి చేతిలో ఉండాలన్న గొడవ కొన్ని ఇళ్ళలో పెరిగింది కూడా. దాని మీద ఇప్పుడు కొత్త సీను కడుతున్నారు.

నిమ్మతోట పెద్దమ్మ మాత్రం అర్జీ పెట్టలేదు. పెట్టమని నేను చెప్పలేదు. "వాడు నా కొడుకు. కోర్టుకి లాగను. కానీ ఇంకెవురూ చదవకుండా వేలు పెట్టబాకండి" అంటుంది. ఆమె కాయితంలో షరతు కూడా లేదు. ఆ కొడుకు మా ఆట రెండుసార్లు చూశాడు, ఏమీ అనలేదు, తల్లిని ఆపనూ లేదు. దీన్ని ఏ లెక్కలో రాయాలో నాకు తెలియదు.

పాలకేంద్రం అత్త తిరిగి వచ్చింది. మీసం మళ్ళీ పెట్టుకోనంది, కోడలి పాత్ర అడిగి తీసుకుంది. ఏడో ప్రదర్శనకి నీలం కుర్చీలు ఆమె కొడుకు ఆటోలోనే వెళ్ళాయి. కిరాయి తీసుకున్నాడు.

పదో ప్రదర్శన వచ్చే నెల, పక్క మండలంలో. నిమ్మతోట పెద్దమ్మకి కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్ సంక్రాంతి తర్వాత చేయించుకుంటుందట. ఆ లోపల ఆట ఉంది కాబట్టి దస్తావేజు కాయితం అక్షరాలు పెద్దవి చేసి ప్రింటు తీయించమంది. 24 సైజులో తీయించి ఇచ్చాను. వెలుతురులోకి వెళ్ళి, వేలు పెట్టి రెండు వరసలు చదివి చూసి, ఇంకొంచెం పెద్దవి కావాలంది. 30లో తీయిస్తున్నాను.